బాణం ఎటు వేశారో ముందు చెప్పండి

ఇంటర్ భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు, వాటిని సరిచూసే సంపాదకులకు, ప్రశ్నపత్రాలూ జవాబు కీలూ తయారుచేసే తోటి అధ్యాపకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

జూనియర్ కళాశాలలో ఇరవై ఆరేళ్ళుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. తరంగాల పాఠంలో డాప్లర్ ప్రభావం దగ్గరికి వచ్చేసరికి ఏటా పిల్లలు ఒకే చోట తడబడతారు. విషయం తెలియక కాదు. కూత వేసుకుంటూ వచ్చే రైలు గొంతు హెచ్చుగానూ, గేటు దాటిపోయాక తగ్గుగానూ ఉంటుందని రైలు పట్టాల పక్క ఊళ్ళో పెరిగిన ఏ పిల్లవాడైనా నోటితో అనుకరించి మరీ చూపిస్తాడు. అదే పిల్లవాడు పరీక్షలో, వచ్చే రైలు గొంతు తగ్గినట్టు లెక్క తేల్చి, కింద గీత గీసి, హెర్ట్జ్ అని ప్రమాణం కూడా రాసి వస్తాడు. చెవికి తెలిసినది చేతికి తప్పడానికి కారణం సూత్రంలోని రెండు గుర్తులు: లవంలో ఒకటి, హారంలో ఒకటి. ఆ రెండు గుర్తుల గురించే ఈ ఉత్తరం.

కొన్నేళ్ళ కిందట తరగతిలో ఒకమ్మాయి లేచి అడిగిన ప్రశ్న నన్నింకా వదల్లేదు. బోర్డు మీద మామూలు లెక్కే వేశాను. రైలు సెకనుకు 20 మీటర్ల వేగంతో, అంటే గంటకు 72 కిలోమీటర్లతో, గేటు వైపు వస్తోంది. కూత పౌనఃపున్యం 400 హెర్ట్జ్. గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. గేటు దగ్గర నిలబడ్డ మనిషికి ఎంత వినిపిస్తుంది? వచ్చేటప్పుడు హారంలో 340 మైనస్ 20, దాటాక 340 ప్లస్ 20. ఒకటి 425, రెండోది 378కి కాస్త తక్కువ. రాసి ఇటు తిరిగేసరికి ఆ అమ్మాయి లేచింది.

"సార్, రైలు వెనక్కి తిరగలేదు కదా. అవే పట్టాల మీద అటే పోతోంది. మరి దాని వేగానికి గుర్తెందుకు మారింది?"

"దగ్గరికొస్తే మైనస్, దూరం పోతే ప్లస్. గుర్తుపెట్టుకోమ్మా" అన్నాను. అది జవాబు కాదని ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళాక తెలిసింది. ఆ అమ్మాయి అడిగినదాంట్లో న్యాయం ఉంది. మొదటి సంవత్సరం మొదటి పాఠాల నుంచీ మనమే వాళ్ళకు నేర్పాం: అక్షం ఒకసారి ఎంచుకుంటే లెక్క అయ్యేదాకా అదే అక్షం. తూర్పు ధనం అనుకుంటే చివరిదాకా తూర్పే ధనం. పైకి విసిరిన బంతి కిందికి దిగేటప్పుడు దాని వేగం గుర్తు మారుతుంది, ఎందుకంటే బంతి నిజంగానే దిశ మార్చింది. ఇక్కడ రైలు దిశ మార్చకుండానే గుర్తు మారింది. నేర్పిన నియమాన్ని మనమే మీరాం, మీరుతున్నామని కూడా చెప్పలేదు.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం డాప్లర్ ప్రభావానికి వాడిన సంప్రదాయం చాలా అందమైనది. శ్రోత నుంచి జనకం వైపు ఒక బాణం గీయాలి. ఆ దిశలో సాగే వేగం ధనం, ఎదురు సాగేది ఋణం. అప్పుడు సూత్రం ఒకటే: వినిపించే పౌనఃపున్యం కావాలంటే అసలు పౌనఃపున్యాన్ని (ధ్వని వేగం + శ్రోత వేగం)తో గుణించి, (ధ్వని వేగం + జనక వేగం)తో భాగించాలి. రెండు చోట్లా ప్లస్సే. మైనస్ ఎక్కడైనా రావాలంటే అది వేగాలతో పాటు లోపలికి వస్తుంది. ఈ సూత్రంలో దాగిన మెలిక ఒకటే, దాన్నే ఆ అమ్మాయి పట్టుకుంది: ఈ బాణం నేలకు పాతింది కాదు. ఒక కొస శ్రోత చేతిలోనూ, రెండో కొస జనకం చేతిలోనూ ఉంటాయి. రైలు గేటు దాటి అవతలికి పోగానే, శ్రోత నుంచి రైలు వైపు గీసిన బాణం కూడా అవతలికి తిరుగుతుంది. ఇంతవరకూ బాణానికి ఎదురొచ్చిన రైలు ఇప్పుడు బాణం వెంట పోతోంది. రైలు తిరగలేదు. బాణం తిరిగింది.

ఈ రెండు చిన్న మాటలు మన గైడ్లలో, నోట్సుల్లో, గోడమీద అంటించే సూత్రాల పట్టికల్లో కనబడవు. చేతులు మారేకొద్దీ బాణం గురించి చెప్పిన వాక్యం రాలిపోతుంది, సూత్రం మిగిలిపోతుంది. బాణం లేని సూత్రం సగం వాక్యం.

దాన్ని మించిన గందరగోళం ఇంకొకటి ఉంది. పోటీ పరీక్షల పుస్తకాలు చాలావరకు బాణాన్ని అటునుంచి ఇటు గీస్తాయి, జనకం నుంచి శ్రోత వైపు, ధ్వని ప్రయాణించే దారిలో. అదీ మంచి పద్ధతే. అప్పుడు రెండు చోట్లా మైనస్ వస్తుంది: (ధ్వని వేగం − శ్రోత వేగం)ని (ధ్వని వేగం − జనక వేగం)తో భాగించాలి. మూడో పద్ధతి బాణమే గీయకుండా, లవంలో ప్లస్ కింద మైనస్, హారంలో మైనస్ కింద ప్లస్ అని నాలుగు గుర్తులు పేర్చి, సందర్భాన్ని బట్టి ఎంచుకోమంటుంది. ఉదయం కళాశాలలో మొదటి పద్ధతి, సాయంత్రం కోచింగులో రెండోది, అన్నయ్య ఇచ్చిన పాత నోట్సులో మూడోది. పిల్లవాడు రెండో పద్ధతి బాణం వేసి, వచ్చే రైలుకు ప్లస్ 20 అనుకుని, మొదటి పద్ధతి సూత్రంలో పెడతాడు. 340ని 360తో భాగిస్తాడు. వచ్చే రైలుకు 378 తేలుతుంది. అతను వేసిన బాణంలో తప్పు లేదు, రాసిన సూత్రంలోనూ తప్పు లేదు. ఒకటి ఒక ఇంటిది, రెండోది ఇంకో ఇంటిది.

గుర్తుల కన్నా ముందు గాల్లో ఏం జరుగుతోందో చెబితే ఈ సమస్య సగం తీరుతుందని నా అనుభవం. అవే అంకెలతో చెబుతాను, ఓపిక పట్టండి. కూత సెకనుకు 400 సంపీడనాలను గాల్లోకి వదులుతోంది. రైలు ఆగి ఉంటే ఒక సంపీడనానికీ దాని వెనకదానికీ మధ్య ఎడం 340ని 400తో భాగించగా వచ్చేది, 85 సెంటీమీటర్లు. రైలు కదిలిందనుకోండి. ఒక సంపీడనాన్ని వదిలి రెండోది వదిలేలోపు, సెకనులో నాలుగు వందో వంతు కాలంలో, అది 5 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. తాను వదిలినదాన్ని తానే కాస్త తరుముకుంటూ పోతుంది. కనుక ఇంజను ముందున్న గాలిలో ఎడం 80 సెంటీమీటర్లు, వెనకున్న గాలిలో 90. ధ్వని వేగం మాత్రం ముందూ వెనకా అదే 340. ముందు నిలబడ్డవాడి చెవికి సెకనుకు 340 మీటర్ల పొడవున్న ధ్వని చేరుతుంది; అందులో 80 సెంటీమీటర్లకొకటి చొప్పున 425 సంపీడనాలుంటాయి. వెనకవాడికి 90కొకటి చొప్పున 378కి కాస్త తక్కువ.

హారంలో ఆ మైనస్ ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు పిల్లవాడే చెబుతాడు. 85 లోంచి తీసేసిన 5 అది. హారంలోకి ఎందుకు పోయిందంటే, ఎడం ఎంత తగ్గితే సెకనులో అంత ఎక్కువ సంపీడనాలు పడతాయి కాబట్టి. ప్లస్ కూడా అంతే, 85కు కలిసిన 5. కంఠస్థం చేయడానికి ఇందులో ఏమీ లేదు.

ఇక రైలును ఆపేసి శ్రోతను కదిలించండి. ఆగి ఉన్న రైలు వైపు అదే 20 మీటర్ల వేగంతో కారులో వెళ్తున్నవాడికి గాల్లోని ఎడం ఏమీ మారదు, 85 అలాగే ఉంటుంది. మారేది ఆ సంపీడనాలను అతను ఎదుర్కొనే జోరు. సెకనులో 340కి తోడు తన 20 కలిపి 360 మీటర్ల పొడవును దాటుతాడు. 360ని 0.85తో భాగిస్తే 423.5 హెర్ట్జ్. రైలు వచ్చినప్పుడు 425, మనిషి వెళ్ళినప్పుడు 423.5. తేడా చిన్నదే. వేగం పెంచి చూడండి, అప్పుడు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ధ్వని వేగంలో సగం వేగంతో జనకం వస్తే పౌనఃపున్యం రెట్టింపవుతుంది, శ్రోత అదే వేగంతో వెళ్తే ఒకటిన్నర రెట్లే అవుతుంది. ఇద్దరి మధ్య సాపేక్ష వేగం ఒకటే కదా, ఫలితం వేరెందుకని చురుకైన పిల్లలు అడుగుతారు. మధ్యలో గాలి ఉంది. ధ్వనికి గాలే నేల. ఎవరు కదిలారో ఆ గాలికి తెలుసు. లవం లవంగా, హారం హారంగా వేరువేరుగా ఉండటానికి కారణం ఇదే, దీన్ని మన పుస్తకాలు ఒక మాటతో దాటేస్తాయి.

ఆ అమ్మాయి ప్రశ్నకు ఇంకా లోతైన జవాబొకటి ఉంది. గేటు దగ్గర పట్టాలను ఆనుకుని నిలబడ్డామన్న ఊహతోనే మనం లెక్కలిస్తాం. అందువల్ల గుర్తు మైనస్ 20 నుంచి ప్లస్ 20కి ఒక్కసారిగా దూకినట్టు కనబడుతుంది. పట్టాలకు యాభై మీటర్ల దూరంలో చేలో నిలబడి వినండి. శ్రోతకూ రైలుకూ మధ్య గీసిన గీత రైలు సాగేకొద్దీ మెల్లగా తిరుగుతుంది. సూత్రంలో పెట్టాల్సింది రైలు మొత్తం వేగం కాదు, కూత బయలుదేరిన క్షణంలో ఆ గీత వెంబడి ఉన్న భాగం మాత్రమే. చాలా దూరాన ఉన్నప్పుడు అది దాదాపు మైనస్ 20. గీతకూ పట్టాలకూ మధ్య కోణం 60 డిగ్రీలైనప్పుడు మైనస్ 10, అప్పుడు బయలుదేరిన కూత 412 హెర్ట్జ్‌గా వినబడుతుంది. సరిగ్గా ఎదురుగా ఉన్నప్పుడు సున్నా. ఆ తర్వాత ప్లస్ 10, చివరికి ప్లస్ 20కి చేరువ. గుర్తు ఎక్కడా దూకదు, సున్నా మీదుగా నడిచి వెళ్తుంది. మన చెవి వినే ఆ జారుడు స్వరం అదే.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. "రైలు దగ్గరకు వచ్చేకొద్దీ పౌనఃపున్యం పెరుగుతూ పోతుంది" అని వందల పేపర్లలో చదివాను. పెరుగుతూ పోయేది శబ్ద తీవ్రత. పౌనఃపున్యం నేరుగా వచ్చే రైలుకు 425 దగ్గర స్థిరంగా ఉంటుంది, పక్కన నిలబడితే తగ్గుతూనే వస్తుంది గానీ ఒక్క క్షణం కూడా పెరగదు. పిల్లలు దూరాన్ని చూస్తున్నారు, మనం వేగాన్ని చూడమని గట్టిగా చెప్పడం లేదు.

క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రాగ్‌లో తన వ్యాసం చదివినప్పుడు ఆయన దృష్టి జంట నక్షత్రాల రంగుల మీద ఉంది. ఆ రంగుల విషయంలో ఆయన అంచనా తప్పింది. ధ్వని విషయంలో మాత్రం సూత్రం నిలబడింది. నిలబెట్టింది 1845లో డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్. ఉట్రెక్ట్, ఆమ్‌స్టర్‌డామ్‌ల మధ్య రైలు మార్గంలో, కదిలే రైలు మీద బాకా వాయించేవాళ్ళను ఎక్కించి, పట్టాల పక్కన సంగీతం తెలిసినవాళ్ళను నిలబెట్టాడు. పౌనఃపున్యాన్ని కొలిచింది యంత్రం కాదు. శిక్షణ పొందిన చెవే కొలమానం. గుర్తు పైకా కిందికా అన్నది మనిషి చెవి తేల్చింది.

ఆ దారి మన పిల్లలకూ తెరవచ్చు. పైన చెప్పిన లెక్కలో వచ్చే రైలు గొంతుకూ పోయే రైలు గొంతుకూ నిష్పత్తి తీయండి. 360ని 320తో భాగిస్తే తొమ్మిదికి ఎనిమిది. సంగీతం నేర్చుకునే పిల్లలు ఆ నిష్పత్తిని వెంటనే గుర్తుపడతారు: చతుశ్రుతి రిషభానికీ షడ్జానికీ మధ్య ఉన్నది అదే. గంటకు 72 కిలోమీటర్లతో పోయే రైలు గేటు దగ్గర రి నుంచి స లోకి దిగుతుంది. గంటకు 110తో పోతే నిష్పత్తి దాదాపు ఆరుకు అయిదు, సాధారణ గాంధారం నుంచి షడ్జానికి. గేటు దగ్గర నిలబడి, ఆ దిగుడును చెవితో పట్టి, రైలు వేగం అంచనా వేయవచ్చు. మా విద్యార్థుల్లో వీణ నేర్చుకుంటున్న ఒకబ్బాయి ఫోన్లో రికార్డు చేసుకుని వచ్చి తరగతిలో పాడి వినిపించాడు. ఆ ఏడాది ఆ తరగతిలో గుర్తు తప్పినవాళ్ళు చాలా తక్కువ.

గుర్తుల సంప్రదాయాన్ని ఎలా చెప్పాలో ఆసుపత్రుల్లోని యంత్రాలు చక్కగా చూపిస్తున్నాయి. డాప్లర్ అన్న పేరు ఇవాళ మన ఊళ్ళలో పాఠం వల్ల కన్నా స్కాన్ వల్లే ఎక్కువ తెలుసు. కలర్ డాప్లర్ తెరమీద రక్తం ఎరుపుగా, నీలంగా కనబడుతుంది. ఎరుపు ధమని, నీలం సిర అనుకునేవాళ్ళు చాలామంది. మామూలు అమరికలో ఎరుపు అంటే ప్రోబ్ వైపు వస్తున్న రక్తం, నీలం అంటే దాని నుంచి దూరంగా పోతున్న రక్తం, అంతే. ప్రోబ్‌ను అటు వంచితే అదే రక్తనాళం రంగు మారుతుంది. రక్తం తిరగలేదు, బాణం తిరిగింది. మీట నొక్కి రంగులను తారుమారు కూడా చేయవచ్చు. అందుకే తెర పక్కన ఒక రంగుల పట్టీ ఉంటుంది: ఇప్పుడు ఏ రంగుకు ఏ దిశ అన్నది అది చెబుతుంది. ఆ పట్టీ చూడకుండా తెరను చదవకూడదు. ఖగోళ శాస్త్రజ్ఞులైతే దూరంగా పోయే నక్షత్రం వేగాన్ని ధనంగా రాస్తారు. ఒక్కొక్కరిదీ ఒక్కో సంప్రదాయం, అందులో ఇబ్బంది లేదు. ఎవరి పట్టీ వాళ్ళు పక్కనే పెడుతున్నారు.

మన పేపర్లలో ఆ పట్టీ లేదు. ఒక ఏడాది మూల్యాంకనంలో నా పక్క బల్ల మీద జరిగింది చెబుతాను. ఒక విద్యార్థి జనకం నుంచి శ్రోత వైపు బాణం చక్కగా గీసి, ఆ దిశ ధనం అని మాటల్లో రాసి, రెండు మైనస్‌ల సూత్రంతో సరైన జవాబు తేల్చాడు. కీలో రెండు ప్లస్‌ల సూత్రం ఉంది. సూత్రం తప్పని మార్కులు కోశారు. నేను కలగజేసుకుని బాణం చూపిస్తే తిరిగి కలిపారు. కోసినవారి మీద నాకు కోపం లేదు, రోజుకు అన్ని పేపర్లు దిద్దేవారికి కీ తప్ప ఆధారం లేదు. కానీ ప్రతి పేపరు పక్కనా అడిగేవాళ్ళుండరు. బాణం గీసి, దిశ చెప్పి, దానికి తగిన సూత్రం వాడిన పిల్లవాడు మిగతావాళ్ళకన్నా ఒక మెట్టు ఎక్కువే అర్థం చేసుకున్నాడు. వాడికి మార్కు పోవడం అన్యాయం.

కనుక కీలు తయారుచేసేవారికి నా మనవి: ఏ సంప్రదాయమైనా సరే, విద్యార్థి దాన్ని ప్రకటించి కడదాకా పాటిస్తే పూర్తి మార్కులు అని కీలోనే రాయండి. వీలైతే బాణానికే ఒక మార్కు కేటాయించండి. మార్కు ఉన్నదాన్ని మన పిల్లలు మరచిపోరు.

పుస్తకాలు రాసేవారికి చెప్పదలచింది ఇంకొంచెం ఉంది. ముందు 85, 80, 90 సెంటీమీటర్ల కథ చెప్పండి, సూత్రం తర్వాత రానివ్వండి. శ్రోత నుంచి జనకానికి బాణం అన్న ఎన్‌సీఈఆర్‌టీ సంప్రదాయాన్నే ఉంచండి, కానీ రైలు దాటకముందు ఒక బొమ్మ, దాటాక ఒక బొమ్మ వేసి, బాణం తిరగడాన్ని కళ్ళకు కనబడేలా చూపండి. సూత్రాన్ని పరీక్షించుకునే చిన్న దారులు కూడా పిల్లల చేతికివ్వండి. అదే రైల్లో కూర్చున్న ప్రయాణికుడు తన ఇంజను కూత వింటే ఇద్దరి వేగాలూ ఒకటే, ఇద్దరి గుర్తులూ ఒకటే. 360ని 360తో భాగిస్తే తేడా రాకూడదు, రాదు. వస్తే ఎక్కడో బాణం తప్పింది. చివరలో జవాబు చూసి, దగ్గరవుతుంటే హెచ్చాలి, దూరమవుతుంటే తగ్గాలి అని చెవితో సరిచూసుకోమనండి.

కొండ ప్రతిధ్వని లెక్కను మాత్రం వదలకండి. అందులో బాణం రెండుసార్లు గీయాలి. కొండ వైపు పోతున్న ఇంజను కూత మొదట కొండకు చేరుతుంది: ఇక్కడ శ్రోత కొండ, బాణం కొండ నుంచి ఇంజనుకు, ఇంజను వేగం మైనస్ 20, కొండకు చేరేది 425. తర్వాత కొండే జనకం, డ్రైవరు శ్రోత, బాణం డ్రైవరు నుంచి కొండకు, అతని వేగం ప్లస్ 20. 425ను 360తో గుణించి 340తో భాగిస్తే సరిగ్గా 450. అదే డ్రైవరు, అదే వేగం, అదే దిశ. ఒక మెట్టులో మైనస్, మరో మెట్టులో ప్లస్. ఈ ఒక్క లెక్కను బట్టీ పట్టకుండా చేసిన పిల్లవాడు ఈ పాఠంలో ఇక గుర్తు తప్పడు. 450కీ 400కీ నిష్పత్తి మళ్ళీ తొమ్మిదికి ఎనిమిదే అని వాడే చూసి మనకు చెబుతాడు.

ఆ రోజు ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. ఆమెకు ఇవ్వలేకపోయిన జవాబు ఇక్కడ రాశాను. వచ్చే ముద్రణలో ఆ సూత్రం పక్కన ఒక శ్రోతను, ఒక రైలును, వాళ్ళ మధ్య ఒక బాణాన్ని వేయించండి. దానికి అర అంగుళం చోటు చాలు.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు